గుంయ్‌మనే గోడ

టక్కున తాళం పడింది.

ఏసీ మెకానిక్ వేషంలో ఉన్న ఏజెంట్ పిల్లి వెనక్కి తిరిగేసరికి స్టోర్‌రూమ్ ఉక్కు తలుపు మూసుకుపోయింది. అవతల హైహీల్స్ చప్పుడు దూరమైంది.

వెల్వెట్! హోటల్ గాయని. రెండేళ్లుగా డిపార్ట్‌మెంట్ ఇన్‌ఫార్మర్. కోడ్‌వర్డ్ పొల్లుపోకుండా చెప్పి, నవ్వుతూ లోపలికి పంపింది. నవ్వుతూనే శత్రువులకు అమ్మేసింది.

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. "కాన్ఫరెన్స్ హాల్లో బాంబుంది. నాలుగింటికి పేలుతుంది. జనాన్ని కదిపితే ముందే రిమోట్ నొక్కేస్తారు. బాంబు సరిగ్గా ఎక్కడుందో నీ పక్క గదిలో ఉన్న విదేశీ ముఠాకే తెలుసు. విను."

మూడూ నలభై. పిల్లి టూల్‌బ్యాగ్‌లోంచి మైకు తీసి గోడకు అంటించాడు. శబ్దాన్ని పెంచే ప్రీఆంప్, లాప్‌టాప్, హెడ్‌ఫోన్స్ తగిలించాడు.

గుంయ్... తేనెతుట్టె తలలో పెట్టుకున్నట్టుంది. మాటొక్కటీ తెలియడం లేదు. ఆ సంగతే చీఫ్‌కి చెప్పాడు.

లైన్లోకి టెక్నికల్ సెక్షన్ ఇంజినీర్ వచ్చాడు. పిల్లి భార్యకు స్వయానా తమ్ముడు.

"బావా, ఛార్జర్ ఎక్కడ పెట్టావ్?"

"కుడిగోడకి. ప్రీఆంప్ ఎడమగోడకి."

"చంపావ్! రెండు సాకెట్లు, రెండు ఎర్తులు. ఆ తేడా కరెంటంతా నీ ఆడియో కేబుల్లో ఊరేగుతోంది. ఛార్జర్ పీకెయ్."

"పీకితే లాప్‌టాప్ ఆగిపోతుందిరా. బ్యాటరీ పోయి ఏడాదైంది."

"అయితే రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టు. వెతుకు. ఇంట్లో అక్క పని చెప్పినప్పుడు వెతికినట్టు కాదు!"

ఫ్లోర్ పాలిషింగ్ మెషీన్ వెనక దొరికింది బోర్డు. రెండు ప్లగ్గులూ అందులోకి మార్చాడు. లాప్‌టాప్ ఆరిపోయి మళ్లీ వెలిగింది.

'అప్‌డేట్ జరుగుతోంది. దయచేసి ఆఫ్ చేయవద్దు.'

పిల్లి అంకెలకేసి చూస్తూ కూర్చున్నాడు. పది శాతం. నలభై. కిటికీ లేదు, వెంటిలేటర్ లేదు, చేయగలిగిందీ లేదు. మూడూ యాభై ఆరుకి స్క్రీన్ వచ్చింది.

గుంయ్ పోయింది. సన్నటి కీచుమాత్రం మిగిలింది.

"యూఎస్‌బీ కేబుల్‌ని ఛార్జర్ మీదనుంచి దూరంగా జరుపు బావా."

జరిపాడు. నిశ్శబ్దం. అందులోంచి, చెవిలో చెప్పినట్టు, వెల్వెట్ గొంతు: "మరి ఆ మెకానిక్?"

విదేశీ యాసతో ఓ మగ గొంతు నవ్వింది: "స్టేజీ మెట్ల కింద పేలితే మొదట కూలేది ఆ గది కప్పే."

"చీఫ్! స్టేజీ మెట్ల కింద!"

వెయిటర్ల వేషంలో ఉన్న బాంబ్ స్క్వాడ్ ట్రేలతో కదిలింది. పిల్లి గోడకు వీపు ఆనించి, కళ్లు మూసుకుని, సెకన్లు లెక్కపెట్టుకున్నాడు.

"బాంబు వైరు తెగింది," అన్నాడు చీఫ్. "ఇంకా తొమ్మిది సెకన్లున్నాయి. ముఠా మొత్తం దొరికింది, వెల్వెట్‌తో సహా."

"శభాష్ సార్. తలుపు తీయించండి."

"తాళంచెవి ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో ఉందట. సాక్ష్యం కదా, సీల్ వేసేశాం. కోర్టులోనే తెరవాలి."

"కోర్టు ఎప్పుడు సార్?"

"సోమవారం. ఈలోగా కూర్చుని రిపోర్టు రాసెయ్. అక్కడైతే నిన్ను డిస్టర్బ్ చేసేవాళ్లుండరు."