పింగాణి గోడ దగ్గర చప్పుడు

చీకటి పడ్డాక ఆ సందు చివరికి ఎవరూ వెళ్లరు. పింగాణి గోడ దగ్గర టక్... టక్... అని సుత్తి చప్పుడు వస్తుందట. చచ్చిపోయిన తాత ఇంకా పని చేస్తున్నాడని విన్నవాళ్లే చెప్పారు.

పగలైతే పొరుగూళ్ల జనం కూడా వచ్చి చూసే గోడ అది. బస్సు నడిపి రిటైరైన తాత, ఇంటింటికీ తిరిగి పగిలిన కప్పులూ పళ్లేలూ అడిగి తెచ్చి, గోడ నిండా పిట్టల్నీ చేపల్నీ అతికించాడు.

రెండు వీధుల అవతలే ఉండే టైల్స్ మేస్త్రీ మాత్రం మూడేళ్లుగా అటు తొంగి చూడలేదు. తెల్లారితే అతనూ భార్యా ఊరు మారిపోతున్నారు. సామాన్లు సగం లారీకెక్కాయి.

"నా కప్పు ముక్కలు ఆ గోడలో ఉన్నాయి. ఒక్కసారి చూసి పోదాం," అంది భార్య.

"చీకటి పడింది కదే."

"పగలు అడిగితే సామాన్లన్నావు. దెయ్యం నిన్నేం చేస్తుందిలే... నీ గురక వింటే అదే పారిపోతుంది."

సందులో దీపం లేదు. పది అడుగులు వేశారో లేదో —

టక్...

ఆమె అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

టక్... కాసేపాగి... టక్.

"సుత్తే..." అని గొణిగింది.

సుత్తి కాదు. ముప్ఫై ఏళ్లు టైల్స్ పరిచిన చెవికి ఆ మాత్రం తెలుసు. దెయ్యమైనా బాగుండేది అనుకున్నాడు.

టార్చి వేశాడు. పిట్టలున్న సగం చెక్కు చెదరలేదు. చేపలున్న సగం పొలుసులూడి బోసిగా ఉంది. కింద ముక్కల కుప్ప. చూస్తుండగానే నీలం ముక్క ఒకటి జారి రాతి మీద పడింది — టక్.

"దెయ్యం లేదే," అన్నాడు. "ఇదంతా నేను చేసింది."

"నువ్వా?"

"చేపల వైపంతా వానకి తడిసిన సిమెంటు. పారబోయడానికి బద్ధకమై తాతకిచ్చాను. గడ్డలు జల్లించుకుంటే చాలన్నాను. జల్లిస్తే చూపుకి బాగానే ఉంటుంది, పట్టు మాత్రం ఉండదు. నాకు తెలుసు. ఆయన నన్ను కావిలించుకున్నాడే..."

ఆమె టార్చి అందుకుని కుప్ప మీదికి తిప్పింది.

"ముక్కలు ఊడుతుంటే, తన చేతుల్లో పస పోయిందని అందరితో చెప్పుకుని ఏడ్చాడు. నేనూ విన్నాను. నోరు మెదపలేదు. ఆ దిగులుతోనే పోయాడు."

ఆమె వంగి కుప్పలోంచి ఎర్రపువ్వున్న ముక్క ఏరింది. తన కప్పుదే.

"మంచి సిమెంటుందా?"

"ఇంట్లో అరబస్తా. ఇంకా లారీకెక్కించలేదు."

"మరి నిలబడ్డావేం?"

"ఒక్కదానివే ఇక్కడ..."

"ఇన్నేళ్లూ దెయ్యంతోనే కాపురం చేశాను. ఇంక భయమేమిటి?"

ఆ మాట చురుక్కున తగిలింది. వెళ్లాడు. బస్తా భుజాన వేసుకుని, బకెట్టుతో నీళ్లూ, తాపీ పట్టుకుని వచ్చాడు. పాత సిమెంటు గీకి, కొత్తది కలిపి మెత్తి, ఎర్రపువ్వు ముక్క మొదట పెట్టాడు. తాపీ పిడితో మెల్లగా కొట్టాడు. టక్... టక్...

సందు మొదట్లో ఎవరో ఆగారు.

"అమ్మో... తాత!"

చెప్పుల చప్పుడు పరుగందుకుంది.

ఆమెకి నవ్వాగలేదు. "పిలిచి చెప్పనా, దెయ్యం కాదు మా ఆయనేనని?"

అతను చెయ్యి ఆపలేదు.

"పిలువు," అన్నాడు. "తాత చేతుల తప్పేం లేదని కూడా చెప్పు."