కుడి చేతి ఉపవాసం

అత్తగారి మీద కుసుమకి ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆవిడ ఏ దేవుణ్ణీ చిన్నబుచ్చదు. సోమవారం శివుడికి, మంగళవారం ఆంజనేయుడికి, గురువారం బాబాకి, శనివారం వెంకన్నకి ఉపవాసం. మధ్యలో ఖాళీ దొరికితే ఏకాదశో చవితో వచ్చి కూర్చుంటుంది. ఇంట్లో ఐదుగురికి వండితే నలుగురే తింటారు. ఐదో కంచం అందరూ తింటుండగానే వంటింట్లోకి వెళ్తుంది, వెనకే తలుపు మూసుకుంటుంది, దాన్ని ‘ఫలహారం’ అంటారు.

ఆదివారం ఒక్కటీ ఏ దేవుడి కంటా పడలేదని కుసుమ నమ్మకం. అందుకే ఆ ఉదయం మార్కెట్ నుంచి చేపలు తెప్పించి, చింతపండు పులుసు పెట్టింది. జంషెడ్‌పూర్ బారిడీహ్ క్వార్టర్లలో ఆ వాసన మూడిళ్ళ అవతలికి వెళ్తుంది. చేపల పులుసంటే అత్తగారు నూకమ్మకి ప్రాణం.

నూకమ్మ వాసన చూసి, గుమ్మం దాకా వచ్చి, ఆగింది. ఈ వారం నుంచి సూర్యనారాయణమూర్తికి కూడా మొక్కుకున్నానంది.

“నాన్నమ్మా, అబ్ సండే భీ గయా? ఆదివారమూ పోయినట్టేనా?” అంది మనవరాలు ఉజ్వల, ఫోన్‌లోంచి తలెత్తకుండానే.

ఇంకో రోజైతే కుసుమ కూడా నవ్వేసేది. కానీ ఆసుపత్రికి రేపు జవాబు చెప్పాలి. కిందటి వారం డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూపించాడు. నూకమ్మ కుడి భుజంలో మెత్తటి పొర అంతా అరిగిపోయి, ఎముక మీద ఎముక రాసుకుంటోంది. మందులూ ఇంజెక్షన్లూ అయిపోయాయి. ఇక కీలు మార్చడమే దారి, ఆలస్యం చేసేకొద్దీ చుట్టూ కండ వాడిపోతుంది, అప్పుడు మార్చినా అంత లాభం ఉండదు అన్నాడు. ఒక చిక్కు మాత్రం చెప్పాడు. రక్తం బాగా తక్కువగా ఉంది, ముందు కడుపు నిండా తినిపించండి అని.

ఆపరేషన్ తరవాత నెల పైన ఆ చెయ్యి గుండెకి కట్టేసి ఉంచాలని కూడా డాక్టరు అన్నాడు. అంతదాకా నోరెత్తని నూకమ్మ ఆ మాట వినగానే నాకొద్దు బాబూ అని లేచి నిలబడింది.

మావగారు సన్యాసిరావు ఆవిడ పక్షమే. పాతికేళ్ళు కంపెనీలో క్రేన్ నడిపిన మనిషి. ఒకసారి విప్పిన బేరింగు మళ్ళీ పాత బేరింగు కాదని ఆయన సిద్ధాంతం. ఆయనతో వాదించి గెలిచినవాడు జంషెడ్‌పూర్‌లో లేడు. సర్వీసులో ఒకసారి ఆయన క్రేన్ షెడ్డు గోడకి తగిలితే, విచారణలో ‘గోడే ముందుకి వచ్చింది’ అని చెప్పి, రిటైరయ్యేదాకా ఆ మాట మీదే నిలబడ్డాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర కొడుకు ఈశ్వర్ మెల్లగా మొదలుపెట్టాడు. అమ్మ రాత్రంతా మూలుగుతోంది నాన్నా, జడ కూడా ఉజ్వలే వేస్తోంది అన్నాడు. ఆయన వినలేదు. అమ్మ వద్దంటోంది, నేనూ వద్దంటున్నాను, ఈ వయసులో కత్తెందుకు, రేపు ఫోన్ చేసి చెప్పెయ్యమన్నాడు. ఈశ్వర్ గొంతు పెరిగింది. ఆయన గొంతు అంతకు మించి పెరిగింది.

మజ్జిగ తేవాలన్న వంకతో కుసుమ అక్కణ్ణించి లేచింది. వంటింటి తలుపు మోచేత్తో తోసింది.

నూకమ్మ పీట మీద కూర్చుని ఉంది. కంచం ఎదురుగా స్టూలు మీద, గడ్డానికి దగ్గరగా పెట్టుకుంది. కుడి చెయ్యి కంచం అంచు దాటి పైకి లేవడం లేదు. అందుకని ఆవిడే వంగి, నోటిని వేళ్ళ దగ్గరికి తీసుకెళ్తోంది. సగం మెతుకులు నోట్లోకి, సగం ఒళ్ళో పరుచుకున్న తువ్వాలులోకి. కంచంలో పులుసు ఉంది, చేప లేదు. ఆ చేత్తో ముల్లు తియ్యడం ఆవిడ వల్ల కాదు.

కుసుమ దగ్గర ఎప్పుడూ ఓ వెటకారం సిద్ధంగా ఉంటుంది. ఆ క్షణాన ఒక్కటీ దొరకలేదు. వెళ్ళి పక్కన కూర్చుంది.

“ఎడం చేత్తో తినొచ్చు కదా అత్తయ్యా.”

“దసరాకి మీ మావయ్య ఏటన్నారో మర్సిపోనావా అమ్మీ?”

కుసుమకి గుర్తొచ్చింది. మావగారి పాత జతగాడు బంగారురాజు భోజనానికి వచ్చాడు. కుడి చెయ్యి లేవక నూకమ్మ ఎడం చేత్తో పులిహోర వడ్డించబోయింది. “మనిసికి ఎడతన్నావా, కుక్కకి ఎడతన్నావా?” అన్నాడు సన్యాసిరావు. అందరూ నవ్వారు. కుసుమ కూడా నవ్వింది. దేవుళ్ళందరూ వరసకట్టింది ఆ తరవాతే.

“ఒడ్డనకే అంత మాటన్నారు. కుడి సెయ్యి కట్టేత్తే అందరి ముందూ ఎడం సేత్తో కతకాల గదా. ఆ బతుక్కంటే ఈ నొప్పే నయం,” అంది నూకమ్మ. ఎవరితోనూ చెప్పొద్దని కోడలి మోకాలు పట్టుకుంది.

కుసుమ చెప్పనని మాట ఇచ్చింది. లేచి, మజ్జిగ గిన్నె అక్కడే వదిలేసి, స్టూలూ కంచమూ తువ్వాలూ ఉన్నవున్నట్టుగా తెచ్చి మావగారి ముందు పెట్టింది. చెప్పనని కదా అంది, చూపించనని అనలేదు.

“రేపు డాక్టరుకి వద్దని చెప్పేస్తాను మావయ్యా. ఎందుకని అడిగితే ఇది చూపించనా?”

ఈశ్వర్‌కి అర్థం కాలేదు. సన్యాసిరావుకి అయింది. స్టూలు ఎత్తు చూశాడు, తువ్వాలు నిండా మెతుకులు చూశాడు. కుసుమ దసరా మాట గుర్తుచేసింది, తానూ నవ్వానని కూడా కలుపుకునే చెప్పింది.

“ఏదో నవ్వుకి, ఆస్యానికన్నాను,” అన్నాడాయన. “దానికే తిండి మానీత్తారేటి ఎవులైనా?”

నూకమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఈ ఇంట్లో ఆవిడ గొంతు పెద్దదవడం కుసుమ ఎన్నడూ వినలేదు. ఇప్పుడూ పెద్దది కాలేదు.

“మీకు ఆస్యం. నాకది అన్నం,” అంది.

ఉజ్వల ఫోన్ బోర్లా పెట్టేసింది. సన్యాసిరావు కుడి చెయ్యి కడిగేసుకుని, వీపు వెనక్కి పెట్టుకున్నాడు. ఎడం చేత్తో అన్నం కలిపాడు. ముద్ద నోటికి చేరేలోపు చొక్కా మీద పడింది. చేప ముక్క పట్టుకుని ముల్లు లాగబోతే ముక్క జారి పులుసు బల్లంతా చిందింది. ఎవరూ నవ్వలేదు. ఆయన మళ్ళీ పట్టుకోబోయాడు.

“అలగ సేసి సూపించక్కర్లేదు,” అంది నూకమ్మ. “నలుగుర్లో నోటితో అన్నారు. నలుగుర్లో నోటితోనే ఆ మాట ఎనక్కి తియ్యండి. అప్పుడు ఆస్పత్రికే కాదు, ఎక్కడికి రమ్మంటే అక్కడికి వత్తాను.”

ఈశ్వర్ తండ్రి కేసి చూశాడు. నలభై ఏళ్ళ కాపురంలో తప్పు ఒప్పుకునే మాటకి ఆయన నాలుక అలవాటు పడలేదు. ఇప్పుడు గోడ ముందుకి వస్తే, అత్తగారు ఇంక ఈ జన్మలో ఈ బల్ల దగ్గర కూర్చోదు.

ఆయన లేచి, తన పక్క కుర్చీ ఎడం చేత్తోనే లాగాడు. కళ్ళు తుడుచుకోబోయి, వేళ్ళకి పులుసు అంటుకుని ఉందని ఆగాడు.

“కూకోయే నూకాలూ,” అన్నాడు. “బంగారురాజుకి కూడా ఫోన్ సేసి నానే సెప్తాను. ఈసారి గోడ ముందుకి రాలేదే. తప్పు నాదే.”