కప్పు కింద పట్టని పట్టీ

గీత బాగానే ఉంది. గీసినవాడి రాతే బాగాలేదు. లెక్కలమ్మాయి హాల్లో అడుగుపెట్టి, గోడ చూసి, భుజం మీది బ్యాగైనా దించకుండా అడిగింది.

“ఇదెవరు కోశారు?”

డిజైనరు నిచ్చెన దిగాడు. బ్రష్షుకి ఉన్న రంగు మొహానికి లేదు.

బడిపిల్లలకి తలా ఎంత ఆటస్థలం ఉందో బడిపిల్లలకే చూపించే ఎగ్జిబిషన్ అది. ఆర్నెల్లు బడిబడికీ తిరిగి ఆమె కొలిచింది. పేద బడిలో ఒక్కొక్కరికి రెండు చదరపు అడుగులు, గొప్పవాళ్ళ బడిలో మూడువందల పది. చదరపు అడుగుకి అడుగు చొప్పున గోడ మీద నిలువు పట్టీలు వెయ్యమంది. కప్పు చూస్తే తొమ్మిదడుగులు. మనవాడు పెద్ద పట్టీని అక్కడే ఆపి, చివర రెండు వంకర గీతలు గీశాడు. ‘ఇక్కడ కొంత వదిలేశాం’ అని వాటి అర్థం. ఆ కొంత మూడువందల ఒక్క అడుగు!

“కప్పు అడ్డొచ్చిందండీ.”

“కప్పిపుచ్చడానికి కప్పు సాకా? తేడా నాలుగున్నర రెట్లేగా, పర్లేదనుకుని పిల్లలు ఇంటికి పోతారు. నా అంకెలు తీసెయ్యండి.”

ఎగ్జిబిషన్ డైరెక్టరు వచ్చి సర్దిచెప్పబోయాడు. పిల్లల్ని బెదరగొట్టకూడదట, గోడ ముచ్చటగా ఉందట. ముచ్చట! ఆడుకోవడానికి వంతులవారీగా నిలబడే పిల్లలకి ఈయన ముచ్చట చూపిస్తాడట!

కోపంలో ఆమె అందంగా ఉందని డిజైనరుకి వెంటనే తోచింది. ఆ కోపం న్యాయంగా ఉందని కాస్త ఆలస్యంగా తోచింది. గోడ మీది పట్టీ చెరిపేసి, నేల మీద మూడువందల పది అడుగుల ఎర్ర టేపు పరవడం మొదలెట్టాడు. అది హాలు దాటి, డైరెక్టరు గది గుమ్మం ముందునుంచి మెట్లు దిగి, గేటు దాటి బస్టాపు దగ్గర ఆగింది. ఆఫీసుల్లో రెడ్ టేపు అడ్డుపడటమే గానీ ఇంత ముందుకెళ్ళడం నేనెరుగను.

గేటు దగ్గర కత్తిరించకపోతే ఇక పని ఇవ్వనన్నాడు డైరెక్టరు. కత్తెర డిజైనరు జేబులోనే ఉంది. జేబులోనే ఉండిపోయింది.

మర్నాడు రెండడుగుల బడి నుంచి వచ్చిన తొమ్మిదో తరగతి పిల్ల టేపు వెంట చివరిదాకా నడిచింది. ఎండలో తిరిగొచ్చి డైరెక్టరు ముందు నిలబడింది.

“సార్, ఇంత చోటు వాళ్ళకెవరిచ్చారు?”

ఆయన టేపు దాటి గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

లెక్కలమ్మాయి బస్టాపు దాకా వెళ్ళింది. డిజైనరు గొంతుక్కూర్చుని, ఊడిన టేపు కొస అతికిస్తున్నాడు.

“పని పోయిందటగా. నా కోసమేనా?”

“నిన్న మీ కోసమే. ఇందాక ఒక పిల్ల ఇక్కడ నిలబడి వెనక్కి చూసిందండీ. ఆ చూపు చూశాక, ఆ పిల్ల కోసం.”

“మరి నాకేం మిగిల్చారు?”

అతను టేపు వదిలేశాడు. “నేను మిగిలాను. మీకు అభ్యంతరం లేకపోతే.”

ఆమె వంగి, ఆ కొస తనే అతికించింది.

“ఆదివారం మా ఇంటికి రా. నాన్నతో నువ్వే మాట్లాడాలి.”

“పని లేదని కూడా చెప్పాలా?”

“ముందు అదే చెప్పు. ఎందుకు పోయిందని ఆయన అడుగుతారు. అది చెప్పాక, ఇంక నేను చెప్పాల్సిందేం ఉండదు.”