ఆరు దాటాక అర్జంటక్క

తప్పు మీదే. ఆ వీధిలో కాపురముంటూ, "అక్కా, అర్జంటు! నువ్వు తప్ప దిక్కెవరు?" అని గుడ్డలు పడేసి చక్కా పోయే మీ అందరిదీ. మీ ధర్మమా అని ఆ కుట్టుమిషను పిల్లకి అసలు పేరే పోయి అర్జంటక్క మిగిలింది. తన కోసం కత్తిరించుకున్న నీలం డ్రెస్సు రెండేళ్ళుగా ఒక్క చెయ్యితో హేంగరుకి వేలాడుతోంది. రెండో చెయ్యి కుట్టుకునే తీరిక ఏదీ?

ఒక్కడు మాత్రం అక్కా అనడు. ఎదురు కొట్లో గొడుగులు బాగుచేసే మనిషి. "ఇప్పుడు అక్కా అంటే తర్వాత నాకే ఇబ్బంది" అని మొహం మీదే చెప్పాడు.

ఆ వాన సాయంత్రం చొక్కా పట్టుకుని దిగబడ్డాడు.

"బొత్తాం ఊడిందండీ."

"ఈ వారంలో ఇది నాలుగోది."

"ఈ చొక్కాది బలహీనమైన వంశమండీ."

ఆమె దారం కొసని వెలుగులో పెట్టి చూసింది. అరిగి తెగిన దారం కుచ్చులా విచ్చుకుంటుంది. ఇది నున్నగా ఉంది.

"బ్లేడుతో కోశారా?"

గొడుగులాయన చెవులు ఎర్రబడ్డాయి. "రావడానికి ఓ వంక ఉండాలి కదండీ."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వు వెనకే ఒళ్ళు మండింది.

"ఊరందరి పనీ చాలక, మీరు పుట్టించి మరీ తెస్తున్నారన్నమాట! మీ ప్రేమ కూడా నా నెత్తిన అర్జంటు పనేనా?"

"నిజమే. అంత ఆలోచించలేదు. సారీ అండీ."

"సారీ ఎందుకు? సూది పట్టండి. మీరే కుట్టండి."

కుట్టాడు. గొప్పగా లేవబోతే చొక్కా కూడా వెంట లేచింది. ఒళ్ళో పెట్టుకుని ప్యాంటుతో కలిపి కుట్టేశాడు మహానుభావుడు!

"పర్లేదులెండి, కొత్త చెయ్యి" అంటూ కుట్టు విప్పబోయి ఆమె వేలికి సూది పొడుచుకుంది. "మొద్దు మొహం! ఇదీ చేతకాదు" అని తన్ను తానే తిట్టుకుంది.

"నాకేమో పర్లేదా, మీకేమో మొద్దు మొహమా? ఆ పర్లేదులో ఓ ముక్క మీరూ ఉంచుకోకూడదూ?"

ఆమె వేలు నోట్లో పెట్టుకుని హేంగరు వైపు చూసింది.

అప్పుడే పిన్ని దిగింది, చంకలో కర్టెన్ల మూటతో. "అమ్మలూ, పొద్దున్నకల్లా కావాలే!"

గడియారం ఆరు కొట్టింది. అర్జంటక్క అలవాటుగా మూట అందుకోబోయి ఆగింది. ఎత్తుకు పెంచిన పిన్ని. కాదంటే మళ్ళీ గడప తొక్కుతుందా?

"కుదరదు పిన్నీ. మంగళవారం ఇస్తాను."

"కుదరదా? ఒంట్లో బాలేదా ఏంటే?"

"బానే ఉంది. ఇకమీద ఆరు దాటితే నా బట్టలే కుట్టుకుంటాను."

పిన్ని ఆమెనీ, ప్యాంటుకి చొక్కా వేలాడుతున్న శాల్తీనీ ఎగాదిగా చూసింది. "మంగళవారమేగా. దానికింత వణుకెందుకే?" అని మూట దింపింది. గుమ్మంలో ఆగి, "అబ్బాయ్, ఆ కుట్టు విప్పించుకుని మరీ వీధిలోకి వెళ్ళు!" అంది.

ఆకాశం విరిగి పడలేదు. వాన మాత్రం పడుతూనే ఉంది.

కుట్టు విప్పించుకుని అతను నసిగాడు. "కాసేపు కూర్చోనా?"

"మీరూ బయటికే. ఈ గంట నాది."

"మరి నా గంట?"

"శనివారం సాయంత్రం. బొత్తాలన్నీ ఉంటేనే రండి."

శనివారం అన్ని బొత్తాలతో వచ్చాడు. నీలం డ్రెస్సులో, రెండు చేతులతో, ఆమె ఎదురొచ్చింది. అతను కళ్ళప్పగించి చూసి, ఉండబట్టలేక అనేశాడు.

"ఎడమ చెయ్యి కాస్త వంకరగా ఉందండీ."

"పర్లేదు."

"ఆ మాట నాకా?"

"కాదు, నాకు" అని పకపకా నవ్వి, అతని గొడుగు కిందికి వచ్చేసింది.

ఇక మీరు! మూటలు పట్టుకుని గుమ్మంలో గుంపుకట్టిన వాళ్ళు! తలుపు కొట్టడం ఆపండి. పక్కకి తప్పుకుని వాళ్ళిద్దరికీ దారివ్వండి. మంగళవారం రండి.