గొడుగు ఎక్కడ మర్చిపోయారు?

ఆనకట్ట షిఫ్ట్ ఇంజనీర్ శవం హోటల్ లిఫ్ట్‌లో దొరికింది. జేబులో పర్సు ఉంది, చేతికి వాచీ ఉంది. లేనిదల్లా కంపెనీ ఇచ్చిన హ్యాండ్‌హెల్డ్ సెట్, ఆనకట్ట గేట్లు నడిపే ఫోన్ లాంటిది.

"సెట్ పొద్దున్నే పోయింది," అన్నాడు పెద్దాయన. ఏజెన్సీ చీఫ్‌ని అందరూ అలాగే పిలుస్తారు. "పోయిందని చెబితే అక్కడికక్కడే సస్పెన్షన్. అందుకని నోరు మూసుకుని తనే వెతుక్కున్నాడు. దొంగ ఎదురుపడ్డాడు. ఇతను పోయాడు."

ఎదురుగా కూర్చున్న ఏజెంట్ తలూపాడు. ఆఫీసులో అతన్ని రాయి అంటారు. భార్య పోయిన మర్నాడే డ్యూటీకి వచ్చినప్పటి నుంచి ఆ పేరు. ధైర్యం అనుకున్నారు జనం. ధైర్యమూ కాదు, పాడూ కాదు. లోపల ఏదీ తగలడం మానేసింది, అంతే.

"విదేశీ ముఠా. సెట్ పోయిందని కంప్లైంట్ వచ్చేలోగా పని కానిచ్చేస్తారు. మనవాళ్ల భయమే వాళ్ల పెట్టుబడి. ఈసారి గురి ఆనకట్ట గేట్లు. కింద ఊళ్లున్నాయి, బడులున్నాయి. నువ్వు కొత్త ఇంజనీర్‌గా అదే హోటల్లో దిగు. కుడి జేబులో ఎర సెట్, ట్రాకర్‌తో. గేట్ల మాస్టర్ పర్మిషన్ మాత్రం నీ ఆఫీసు సెట్‌లో వేశాం. అవసరమైతే నువ్వే మూసెయ్యాలి."

"కోడ్?"

"ఏ సెట్ పోయినా గొడుగు మర్చిపోయాను అని ఫోన్ చెయ్. ఎక్కడ అంటాను. రైల్లో అంటే లాక్ చేసి వెతుకుతాం. బస్సులో అంటే మొత్తం తుడిచేస్తాం. పిన్ వాళ్లకి తెలిసిపోతే లాక్ దండగ. నువ్వు వెతక్కు. ముందు చెప్పు." పెద్దాయన కళ్లజోడు తీశాడు. "నీ ఆఫీసు సెట్‌లో సొంత సరుకేమీ లేదుగా?"

"లేదు సార్."

అబద్ధం. భార్య ఆఖరి వాయిస్ మెసేజ్ ఆ సెట్‌కే వచ్చింది. 'తాళం చెవులు మీ జేబులోనే ఉండిపోయాయండీ. గుమ్మంలో నిలబడ్డాను. త్వరగా రండి.' అతను వెళ్లేసరికి ఆమె గుమ్మంలోనే ఒరిగిపోయి ఉంది. గుండెపోటు అన్నారు డాక్టర్లు. ఆ సెట్‌లోకి వచ్చింది బయటికి పోదు. కాపీ కాదు, ఫార్వర్డ్ కాదు. అంత కట్టుదిట్టంగా తయారుచేశారు దాన్ని. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

హోటల్లో అతని భార్యగా నటించింది నెమలి. ముఠాలో ఉంటూ ఏజెన్సీకి కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. ఆమె లాబీలోకి వస్తే పేపర్లు చదివేవాళ్లు అక్షరాలు మర్చిపోయేవాళ్లు. రాయికి అదీ తగల్లేదు.

"ఏవండీ, కాఫీ చెప్పనా?" అనేది. ఆ పిలుపు వినగానే అతని చెయ్యి తనకు తెలియకుండానే ఆఫీసు సెట్ ఉన్న ఎడమ జేబు తడిమేది. సాయంత్రాలు పిన్ కొట్టి సెట్ చెవికి ఆనించుకునేవాడు. నెమలి అద్దం ముందు తీరిగ్గా జడ అల్లుకునేది. అద్దంలో అన్నీ కనిపిస్తాయి.

ఒక ఉదయం టిఫిన్ దగ్గర వెయిటర్ తూలి కాఫీ ఒలకబోశాడు. నెమలి గబగబా రుమాలుతో రాయి చొక్కా తుడిచింది. అతను ఎర సెట్ చూసుకున్నాడు. కుడి జేబులో భద్రంగా ఉంది. అలవాటుగా ఎడమ జేబు తడిమాడు. ఖాళీ. తలెత్తితే నెమలి కుర్చీ కూడా ఖాళీ.

వెతకొద్దు, ముందు చెప్పండి అని కొత్తవాళ్లకు ఏళ్ల తరబడి క్లాసులు పీకిన మనిషి టేబుల్ కింద దూరాడు. కుర్చీలు లాగాడు. రుమాళ్లు దులిపాడు. గదికి పరిగెత్తి దుప్పట్లు విదిలించాడు. ఆ ఇంజనీర్ కూడా ఇలాగే వెతికి చచ్చాడని అప్పుడు గుర్తొచ్చింది.

అంతలో ఆనకట్ట సైరన్ మోగింది. అంటే గేటు మోటారు కదిలింది. రాయి గదిలోని ఫోన్ అందుకున్నాడు.

"గొడుగు మర్చిపోయాను."

"ఎక్కడ?"

రైల్లో అంటే ఆ గొంతు మిగులుతుంది. కానీ పిన్ నెమలి చూసే ఉంటుంది. కిటికీలోంచి ఏటి గట్టు కనిపిస్తోంది. బడి పిల్లలు వరుసగా నడుస్తున్నారు. వెనకబడ్డ పిల్ల ఒకతి చెప్పు సరిచేసుకుంటోంది.

"ఎక్కడయ్యా?"

"బస్సులో," అన్నాడు. మళ్లీ అన్నాడు. "బస్సులో సార్. తుడిచెయ్యండి."

పర్మిషన్ చెరిగిపోగానే జానెడు లేచిన గేటు ఆగింది. మెల్లగా దిగింది. సైరన్ నోరు మూసుకుంది.

కార్ పార్కింగ్‌లో నెమలి దొరికింది, చేతిలో తెర ఖాళీ అయిన సెట్‌తో. బేడీలు వేస్తుంటే రాయి వైపు చూసింది. ఏజెన్సీ కోడ్‌లన్నీ ఆమెకు తెలుసు.

"మీ మీదే నమ్మకం పెట్టుకున్నాను," అంది. "రైల్లో అంటారనుకున్నాను."

"నేనూ అనుకున్నాను."

ఆఫీసులో స్టోర్స్ గుమాస్తా కొత్త సెట్ ఇచ్చి, ఆలస్యంగా చెప్పినందుకు మెమో కూడా అందించాడు. "ఈసారి గొలుసు పంపారు సార్. బెల్టుకి తగిలించుకోవాలట. పాతదాంట్లో మీ సొంతవి ఏమైనా పోయాయా?"

"లేదు."

ఇంటికి చేరి గుమ్మం ముందు ఆగాడు. అలవాటుగా సెట్ తీసి చెవికి ఆనించుకున్నాడు. ఏమీ లేదు. అప్పుడు తగిలింది. అక్కడే, ఆమె ఒరిగిన చోటే కూర్చుని ఏడ్చాడు.

కాసేపటికి లేచి జేబులో చెయ్యి పెట్టాడు. సెట్లు పోగొట్టుకుంటాడేమో గానీ, తాళం చెవులు మాత్రం అతని జేబు దాటి ఏనాడూ ఎక్కడికీ పోలేదు.