కాలువ అవతలి ఎంగిలి

లిండెన్ ఊరు దాటాక సైకిల్ దారి దేశ సరిహద్దు వెంటే పోతుంది. మైలుకో ఆకుపచ్చ బోర్డు. ఎడమ పక్క మోకాలి లోతు, బారెడు వెడల్పు మురుగు కాలువ. దాని అవతల కెనడా. కంచె లేదు.

అక్టోబరు శనివారం, మధ్యాహ్నం మూడింటికి నేనూ హర్షిత్ బయల్దేరాం. అతను బాతెల్ ఊళ్ళో మా పక్కింటి కుర్రాడు. గ్రీన్‌కార్డ్ పెండింగ్‌లో ఉంది. ఇప్పుడు దేశం దాటితే అప్లికేషన్ పోతుందని లాయర్ చెప్పాడట. అందుకే రోడ్డుకు కుడి అంచునే తొక్కుతున్నాడు.

"అంత భయమైతే ఎందుకొచ్చావయ్యా?"

"దారి ఫ్లాట్‌గా ఉంటుందని మీరే కదా అంకుల్ తీసుకొచ్చారు."

ఒకచోట ఆగి నా సీసా ఇవ్వబోతే వద్దన్నాడు. "మీరు నోరు పెట్టి తాగారు. ఎంగిలి. మా అమ్మకు తెలిస్తే ఫ్లైట్ ఎక్కి వచ్చి కొడుతుంది." తన సీసా పైకెత్తి, పెదవికి తగలకుండా పోసుకున్నాడు. కాఫీ కూడా అలాగే తాగుతాడు.

ఆరో బోర్డు దాటాక పొగమంచు దిగింది. అప్పటిదాకా డెయిరీల పేడ వాసన. ఇప్పుడది కాదు. వారం రోజులు మురిగిన పూలనీళ్ళ వాసన, అందులో ఏదో తియ్యదనం. గొంతులో జిడ్డులా అంటుకుంది.

ఏడో బోర్డు దగ్గర, అవతలి గట్టు మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. తడి బట్టలు. చేతుల చర్మం నానిన అప్పడంలా ముడతలు పడి... వేళ్ళ కొసల నుంచి జారుతోంది.

"నీళ్ళు..." అన్నాడు. తెలుగులోనే.

హర్షిత్ గొంతు తగ్గించాడు. "నేను దాటను అంకుల్. చెయ్యి చాపుతానంతే."

ఒక చేత్తో బోర్డు స్తంభాన్ని పట్టుకుని, రెండో చేత్తో సీసా అందించాడు.

ఆ మనిషి సీసా మూతి మొత్తం నోట్లో పెట్టుకుని జుర్రాడు. చంటిపిల్లలు పాలు తాగే చప్పుడు. తెల్లటి చొంగ తీగలా కాలువ మీదుగా సాగింది. తెగలేదు. తల తిప్పుకున్నాను. రెండు క్షణాలు.

మళ్ళీ చూస్తే గట్టు ఖాళీ. హర్షిత్ సైకిల్ ఎక్కి ఉన్నాడు. సీసా లేదు.

"దాటలేదు కదా?"

తల అడ్డంగా ఊపాడు.

లిండెన్‌లో ఆపిన కార్ దాకా వెనక్కి తొక్కాం. తలుపులు వేశాక ఆ వాసన... లోపలే ఉంది.

"నీళ్ళు," అన్నాడు మెల్లగా. నా సీసా అందుకున్నాడు.

పైకెత్తలేదు. మూతి మొత్తం నోట్లో పెట్టుకుని జుర్రాడు. పెదవి నుంచి సీసాకు తెల్లటి తీగ...

నేను కదల్లేదు. డ్యాష్‌బోర్డు మీద నా ఫోన్ వెలుగుతోంది. పొద్దున హర్షిత్ షేర్ చేసిన లొకేషన్. మ్యాప్‌లో అతని చుక్క ఏడో బోర్డు దగ్గరే ఉంది. సరిహద్దు గీతకు అవతల.

కదులుతోంది. గీత దాకా వచ్చి... ఆగుతోంది. వెనక్కి పోయి, మళ్ళీ వచ్చి... ఆగుతోంది.