లకుముకి పిట్ట కింద కాగితం

"ఒక చొక్కా పట్టుకెళ్ళవే. దారాల షాపు తాతకి చూపిస్తే ఆయనే చూసి ఇస్తాడు," అంది అమ్మ, దారం ఎక్కిస్తున్న సూది మీద నుంచి కళ్ళు తిప్పకుండానే.

అప్పటికే తెలుసమ్మ ఒక కాలు చెప్పులో పెట్టేసింది. "ఎందుకమ్మా అనవసరంగా? నాకు తెలుసు," అంది. రెండో చెప్పు సగం తొడిగి సగం ఈడ్చుకుంటూ బయట పడింది.

ఆ అమ్మాయి అసలు పేరు బడిలో హాజరు వేసేటప్పుడు తప్ప ఎక్కడా వినిపించదు. ఎవరేం చెప్పబోయినా "నాకు తెలుసు" అని అడ్డం పడుతుంది కాబట్టి, నాన్నమ్మ పెట్టిన పేరే స్థిరపడిపోయింది. ఒకసారి నాన్నమ్మ పొడుపుకథ వేద్దామని గొంతు సవరించుకుంటుంటేనే "తెలుసు" అనేసింది. "ఏం అడగాలో నాకే ఇంకా తెలీదే తల్లీ," అంది నాన్నమ్మ.

అమ్మ ఇంటి ముందు గదిలో బట్టలు కుడుతుంది. చొక్కాలు, గౌన్లు, కర్టెన్లు ఏవైనా సరే, ఆమె చేతిలో చకచకా తయారవుతాయి. కానీ ఎంబ్రాయిడరీ మిషన్ మాత్రం కొత్తగా వచ్చింది. దానితో అమ్మకి ఇంకా స్నేహం కుదరలేదు. ఇంతలోనే బడి నుంచి మొదటి పెద్ద పని వచ్చింది. పరుగు పందెం జట్టు చొక్కాలన్నిటి మీదా, ముందు ఒక లకుముకి పిట్టను కుట్టాలి, వెనక నంబరు అతికించాలి. పందెం ఎల్లుండే.

పిట్టను కుట్టాలంటే దారం ఒక్కటే చాలదు. సూది అన్నిసార్లు పొడుస్తుంటే బట్ట ముడుచుకుపోతుంది. అలా కాకుండా బట్ట కింద గట్టి కాగితం లాంటిది పెడతారు. అందులో రకరకాలున్నాయి. ఏ బట్టకు ఏది పెట్టాలో అమ్మ ఇంకా నేర్చుకుంటోంది. అందుకే ప్రతిసారీ దారాల షాపు తాతకు బట్ట చూపించి, ఆయన ఇచ్చిందే తెచ్చుకుంటుంది.

దారాల షాపంటే తెలుసమ్మకు ఎంతో ఇష్టం. నేల నుంచి పైకప్పు దాకా దారం కండెలే. గుండీల డబ్బాలు, జిప్పుల కట్టలు, బాబిన్లు, ఎక్కడ చూసినా రంగులే. లకుముకి పిట్ట రెక్కకు నీలం కావాలంది. తాత నీలాలన్నీ బల్ల మీద పరిచాడు. ఆ అమ్మాయి ఒక్కో కండెనూ గుమ్మం దగ్గరకు తీసుకెళ్ళి, ఎండలో తిప్పి చూసి, కొంచెం ఆకుపచ్చ కలిసిన నీలాన్ని ఎంచుకుంది. ముక్కుకు నలుపు, పొట్టకు ఇటుక రంగు తీసింది.

"కన్నంటే ఇదీ. పెద్దవాళ్ళు కూడా ఇంత చూసుకోరు," అన్నాడు తాత.

తెలుసమ్మకు కాళ్ళు నేల మీద ఆనలేదు. అప్పుడే తాత కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, బట్ట సాగేదా, సాగనిదా అని అడిగాడు.

నిన్న సాయంత్రం చొక్కాల మూట వచ్చింది. తెలుసమ్మ దాన్ని కనీసం వేలితో కూడా ముట్టుకోలేదు. కానీ ఇంత మెచ్చుకున్న మనిషి ముందు తెలీదని ఎలా చెప్పడం? పైగా వెనక ఒకావిడ గుండీల కోసం నిలబడి ఈ మాటలన్నీ వింటోంది.

"సాగదు తాతా. నాకు తెలుసు," అంది.

అలాగైతే కుట్టాక చించేసే రకం చాలని, తాత ఆ కాగితం చుట్ట ఇచ్చాడు.

ఇంటికి రాగానే, బట్ట ఎలాంటిదో తాత కనుక్కునే ఇచ్చాడా అని అమ్మ అడిగింది. బట్ట సంగతి అడిగే ఇచ్చాడని తెలుసమ్మ చెప్పింది. అది అబద్ధం కాదు. అలాగని పూర్తి నిజమూ కాదు.

మిషన్ టకటకమంటూ మొదలైంది. ముందు ముక్కు వచ్చింది, తర్వాత పొట్ట, ఆ తర్వాత నీలం రెక్క. నాన్నమ్మ కూడా కుర్చీ జరుపుకుని వచ్చి కూర్చుంది. పిట్ట ఇప్పుడో ఇంకాసేపటికో ఎగిరిపోయేలా ఉంది. అమ్మ చొక్కాను మిషన్ ఫ్రేములోంచి తీసి, వెనక కాగితాన్ని చించింది.

పిట్ట ముడుచుకుపోయింది. రెక్క చుట్టూ బట్ట కుచ్చులు పడింది. ముక్కు పక్కకు తిరిగింది. పుల్లటిదేదో కొరికినట్టు ఉంది దాని మొహం. నాన్నమ్మకు నవ్వొచ్చింది కానీ, అమ్మను చూసి ఆపుకుంది.

తప్పు తనదే అనుకుంది అమ్మ. దారం బిగువు తగ్గించింది. మిషన్ వేగం తగ్గించింది. పుస్తకం తిరగేసింది. ఇంకో చొక్కా పెట్టి మళ్ళీ కుట్టింది. ఆ పిట్ట మొదటిదానికి చెల్లెలిలా తయారైంది.

అమ్మ మిషన్ ఆపేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నాకింకా ఈ పని రాలేదే. మిగిలిన చొక్కాలు ఆటల సార్‌కి తిరిగి ఇచ్చేద్దాం. పాడైన రెండింటికీ కొత్తవి కొనిద్దాం. పెద్ద షాపులో ఎక్కడైనా కుట్టించుకుంటారు," అంది.

అమ్మ అలాంటి గొంతుతో మాట్లాడటం తెలుసమ్మ ఎప్పుడూ వినలేదు. ఎంతో ఇష్టపడి తెచ్చుకున్న మిషన్ అది. నాన్న దానికోసం మంచం జరిపి మరీ చోటు చేశాడు. తెలుసమ్మ నెమ్మదిగా మూట దగ్గరకు వెళ్ళి, ఒక చొక్కా అంచు పట్టుకుని లాగింది. అది బారెడు సాగింది. వదిలితే టప్పున ముడుచుకుంది.

"అమ్మా, నీకు పని రాకపోవడం కాదు. బట్ట సాగుతుందా అని తాత అడిగాడు. సాగదని చెప్పాను. నాకు తెలీదు, అయినా చెప్పాను," అంది. చివరి మాటలకు ఏడుపొచ్చేసింది.

అమ్మకు కోపం వచ్చిందని పెదవులు బిగించడంలోనే తెలిసింది. తర్వాత ముడుచుకున్న పిట్టనూ, తెలుసమ్మనూ మార్చి మార్చి చూసింది. ఆ చొక్కాను మడిచి ఆమె చేతికిచ్చింది. మళ్ళీ వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పి, కావలసినవి తెమ్మంది. వెనక అతికించే నంబర్ల షీటు కూడా తెమ్మని గుర్తు చేసింది.

"నన్నే పంపుతావా?" అంది తెలుసమ్మ ముక్కు తుడుచుకుంటూ.

"నీలం బాగా ఎంచావుగా. ఇదీ నేర్చుకో," అంది అమ్మ.

షాపులో తాత చొక్కాను రెండు చేతులతో సాగదీసి చూశాడు. తెలుసమ్మ పప్పులో కాలేసిన సంగతంతా విన్నాడు. సాగే బట్టకు చించేసే రకం పనికిరాదట. కుట్టాక కూడా పిట్ట వెనకే ఉండి పట్టుకునే రకం కావాలట. అంచుల చుట్టూ కత్తెరతో కత్తిరిస్తే చాలట. బట్ట దారాలు తెగకుండా మొన గుండ్రంగా ఉన్న సూది ఇచ్చాడు. పాడైన రెండింటికీ ఒక దళసరి గుడ్డముక్క ఇచ్చి, దాని మీద పిట్టలు కుట్టి, కత్తిరించి, పాతవాటి మీద అతికించి కుట్టేయమన్నాడు.

తెలుసమ్మ ఊపిరి పీల్చుకుంది. ఇంతలో తాత నంబర్ల షీట్లు రెండు తీసి పక్కపక్కన పెట్టాడు. చూడటానికి రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి. ఒకటి ఇస్త్రీపెట్టెతో బాగా వేడి పెడితే అతుక్కుంటుంది, అది నూలుకు. రెండోది తక్కువ వేడికే అతుక్కుంటుంది, అది పాలిస్టర్‌కు. నూలు రకాన్ని పాలిస్టర్ మీద పెడితే చొక్కా కాలి మచ్చ పడుతుందన్నాడు. ఈ చొక్కా ఏ బట్టదని అడిగాడు.

షాపు నిండా మనుషులున్నారు. "తె..." అనే అక్షరం నాలుక చివరి దాకా వచ్చింది. తెలుసమ్మ గుటక మింగింది.

"తెలీదు తాతా. కనుక్కుని వస్తాను," అంది.

ఎవరూ నవ్వలేదు. ఎవరి గుండీలు వాళ్ళు ఏరుకుంటున్నారు. చొక్కా మెడ దగ్గర చీటీ ఉందేమో చూశారు. లేదు. తాత రెండు షీట్లూ పక్కన పెట్టి, షాపు మూసేలోపు వస్తే చాలన్నాడు.

బడి మైదానంలో ఆటల సార్ పిల్లల్ని పరిగెత్తిస్తున్నారు. తెలుసమ్మ వగర్చుకుంటూ వెళ్ళి, చొక్కాలు ఏ బట్టవని అడిగింది.

"నూలు. అచ్చమైన నూలు. నేనే దగ్గరుండి తెచ్చాను," అన్నారు సార్ నోట్లోంచి ఈల తీయకుండానే.

సార్ అంత గట్టిగా చెప్పాక ఇంకేం కావాలి? తెలుసమ్మ వెనక్కి తిరిగింది. నాలుగడుగులు వేసి ఆగింది. తాత ముందు తను కూడా ఇంతే గట్టిగా చెప్పింది.

మళ్ళీ సార్ దగ్గరకు వచ్చింది. "సార్, చొక్కాలు వచ్చిన డబ్బా ఉందా? ఒక్కసారి దాని మీద చూద్దామా?" అంది.

సార్ వింతగా చూశారు. అయినా ఆటల సామాన్ల గది తాళం తీశారు. బంతుల వెనక అట్టడబ్బా ఉంది. దాని పక్కన అంటించిన చీటీని సార్ పైకే చదివారు. పాలిస్టర్ అని ఉంది. ఇంకోసారి, ఈసారి మనసులో చదువుకున్నారు. తర్వాత తల గోక్కున్నారు.

"మరి నేను చెప్పింది తప్పని నీకెలా తెలిసింది?"

"తెలీదు సార్. అందుకే చూద్దామన్నాను."

సార్ గట్టిగా నవ్వేశారు. డబ్బా మీది చీటీని జాగ్రత్తగా ఊడదీసి ఆమె చేతిలో పెట్టారు. తెలుసమ్మ దాన్ని గుప్పిట్లో పట్టుకుని, మైదానానికి అడ్డంగా, జట్టు పిల్లల పక్క నుంచి దారాల షాపు వైపు పరిగెత్తింది.